శ్రుతి కలిసిన తబలా

డోర్నకల్ రైల్వే క్వార్టర్ల వెనక రేకుల షెడ్డులో ఆదివారం పాటల కూటమి మొదలై తొమ్మిదేళ్లయింది. అరవై తొమ్మిది తెలంగాణ గొడవల్లో రైలుబండ్లే ఆగిపోయాయి గాని, ఆ మొండిఘటాల పాట ఆగలేదు. వాళ్లకు రెండే కట్టుబాట్లు. పాట మధ్యలో ఎవరూ లేవకూడదు. రాని మనిషి చోట అతని వాయిద్యం పెట్టి, ఆ జాగా ఖాళీగా ఉంచాలి. అట్లా ఏడాదిగా వెంకట్రాం తబలా ఒంటరిగా కూర్చుని ఉంది.

వెంకట్రాం హార్మోనియం వాయించే శకుంతలకు తమ్ముడు. ఎమర్జెన్సీ వచ్చిన నాటి నుంచి పోలీసులు వాడి కోసం ఊరూరా గాలిస్తున్నారు. నిన్న మధ్యాహ్నం ముసురులో తడుస్తూ వస్తే ఈ షెడ్డులోనే దాచి అన్నం పెట్టింది. ఇవాళ పొద్దున్నే వేణువు వాయించే చంద్రయ్య ఇంటికి మార్చింది. సాయంత్రం ఆరింటి ప్యాసింజరెక్కితే వాడు బతికినట్టే. అంతదాకా ఎవరికీ అనుమానం రావద్దని ఎప్పటిలా వచ్చి కూర్చుంది.

అయిదింటికి ఒక కొత్త మనిషి వచ్చాడు. పేరు జగపతి అన్నాడు, పార్సిల్ ఆఫీసుకు బదిలీ అయిందన్నాడు. నేరుగా తబలా ముందుకు నడిచాడు.

"అది మా ఎంకట్రాం జాగ బిడ్డా," అన్నాడు చంద్రయ్య.

"జాగ ఆయనదే తాత. జర చెయ్యి పెడ్త, గంతే."

ఒక్క దెబ్బ వేశాడు. తబలా ఖంగుమంది.

"అక్కా, గీయన రాక ఎన్నొద్దులాయె?"

"యాడాది."

"యాడాది సంది ముట్టకుంటే, గీ ముసురుల గింత శ్రుతి ఎట్లున్నది?"

"నేనే బిగిచ్చిన," అన్నాడు చంద్రయ్య గబుక్కున.

జగపతి నవ్వి, తబలా పక్కనున్న శ్రుతి చేసే సుత్తి అందించాడు. "అయితే శ్రుతి జర ఎక్కియ్యి తాతా." పుట్టి బుద్ధెరిగి వేణువు తప్ప పట్టని ముసలాయన ఎక్కడ కొట్టాలో తెలియక సుత్తిని అటూ ఇటూ తిప్పాడు.

తప్పు తనదే! నిన్న తిండి కూడా మరిచి తమ్ముడు దాన్ని సవరిస్తుంటే కళ్లారా చూసింది. వాడు వెళ్లాక వదులు చేద్దామని సుత్తి పట్టింది కూడా. చేతులు రాలేదు. పాపిష్టి చేతులు! శ్రుతి కలిసిన తబలాను చెడగొట్టడానికి ఎవరికి మనసొస్తుంది?

"ఛాయ్ చెప్పొస్త," అంటూ జగపతి వాకిట్లోకి వెళ్లి, సైకిలు మీదున్న ఒకడితో రెండు మాటలాడి వచ్చాడు. గడియారం అయిదూ నలభై చూపిస్తోంది. పాట ఎత్తుకుంటే ఇతను లేవలేడు, లేస్తే కూటమి వాళ్లు పట్టి కూర్చోబెడతారు. ఆరు దాటేదాకా కట్టేస్తే చాలనుకుని, తనకొచ్చిన వాటిల్లో అన్నిటికన్నా పొడుగు పాట అందుకుంది.

ఎంత బాగా వాయించాడని! వేళ్లు తమ్ముడి వేళ్లలాగే పరిగెత్తాయి. ఒక చరణంలో భయం మరిచి తల కూడా ఊపింది. ఛీ, ఏం బతుకిది అని తనను తాను తిట్టుకుంది.

ఆరింటికి బండి వచ్చి ఆగిన చప్పుడు వినిపించింది. పాడుతూనే చెవులు రిక్కించింది. పది నిమిషాలైనా బండి కదిలిన కూత లేదు. చంద్రయ్య వేణువు దించేశాడు. ఆమె గొంతు తడబడింది.

జగపతి మాత్రం తాళం తప్పలేదు.

"ఇయ్యాల బండి జర లేటైతదక్కా. మా వోళ్లు ఒక్కొక్క డబ్బ చూస్తున్నరు. నువ్వు పాడు, మధ్యల లేవొద్దంట గద!"