వాలుకుర్చీ కింద దూలం

"బూజు కంపు కొడుతోంది. ఇంటి కింద దూరి చూడు, లార్నా. నా బొజ్జకి ఆ చిన్న తలుపు చాలదు," అన్నాడు డ్వైట్, వాలుకుర్చీలోంచి లేవకుండానే.

పెళ్లయిన కొత్తలోనూ ఇదే పని చెప్పాడు. అప్పుడతనికి బొజ్జ లేదు. "పుల్లలా ఉందిగా, దేవుడు అందుకే అలా చేశాడు," అని అత్తగారు వెర్లీన్ నవ్వింది. ఆ నవ్వుతోనే ఇంటి అడుగు లార్నా వాటాకి వచ్చేసింది, గిన్నెలూ బట్టలూ వచ్చినట్టే.

కింద మట్టికీ ఇంటి చెక్కనేలకీ మధ్య రెండడుగుల ఖాళీ. మోచేతుల మీద పాకాలి. కరోలైనా జూలై ఉక్క పునాది గోడల్లో మూతలున్న గాలి కంతల్లోంచి లోపలికొచ్చి, చల్లటి ఏసీ గొట్టాలకి, ఐసు వేసిన తీపి టీ గ్లాసుకి పట్టినట్టు చెమటలా పట్టి కారుతోంది. వేడీ చలీ ఆపడానికి దూలాల మధ్య ఆమె కుక్కిన పీచు పరుపులు నీళ్లు తాగి, వేలాడుతూ మొహానికి తగులుతున్నాయి. మట్టి మీద ఆమె పరిచిన ప్లాస్టిక్ పట్ట నిండా మడుగులు. వేసవిలో కంతలు మూసేద్దామని ఎన్నిసార్లు చెప్పింది! ఆమె మూస్తుంది, అతను తెరుస్తాడు. "ఇల్లు ఊపిరి పీల్చుకోవద్దూ? మా నాన్న ఈస్టర్ వెళ్లగానే తెరిచేవాడు. ఆయనకంటే తెలిసినదానివా?" ఇంటి ఊపిరికి అంత బెంగపడే మనిషి, ఈ బూజు పీల్చి దగ్గే ఆమె ఊపిరి సంగతి ఒక్కసారి అడిగాడా?

హాలు కిందికొచ్చి దూలంలో స్క్రూడ్రైవర్ గుచ్చింది. పిడి దాకా దిగిపోయింది. పక్క దూలమూ అంతే. సరిగ్గా ఆమె మొహానికి పైన చెక్క కిర్రుమంది. వాలుకుర్చీ.

పైన చర్చి పెద్ద హార్లన్ గొంతు. "మా ఇంటి అడుగంతా బూజు. మీదెలా ఉంది, డ్వైట్?"

"చుక్క తడి లేదండీ. మొన్ననే నేనే దూరి చూశా."

"లార్నా ఏదీ?"

"ఎక్కడో పడుకునుంటుంది. దగ్గు వంక దొరికిందిగా," అంది అత్తగారు.

ముగ్గురూ నవ్వారు. చెక్క ఈసారి కాస్త కిందికి వంగింది.

లార్నా గోడ వారకి పాకింది. చేతికందిన కంతని మూసి గడియ తిప్పింది. స్క్రూడ్రైవర్ పిడితో నేలచెక్కని గట్టిగా తట్టింది. పైన నవ్వు ఆగిపోయింది.

"డ్వైట్, ఊగకుండా మెల్లగా లే. నీ కింద దూలాలు పుచ్చిపోయాయి. అత్తయ్యా, మీరూ వంటింట్లోకి వెళ్లండి. హార్లన్ గారూ, బయట చిన్న తలుపు దగ్గరికి రండి, మీకు చూపిస్తాను."

పైన కుర్చీ భయంభయంగా కిర్రుమంది.

"ఇక నేను దూరను, డ్వైట్. కంతలు తెరిచినవాళ్లే దూరాలి."