తునికాకు ఆట

"బొమ్మలతోని ఆడుకున్నది చాలు గానీ, పప్పు మాడుతున్నట్టుంది చూడు" అని అత్త ముందు గదిలోంచి కేకేసింది.

పప్పు మాడలేదు. కుక్కర్ ఇంకా రెండో విజిలైనా వెయ్యలేదు. ఆ సంగతి దీపికకు చూడకుండానే తెలుసు, మూడేళ్లుగా ఆమె గడియారం ఆ కుక్కరే. పొయ్యి గట్టు మీద ఒక పక్క పోపుల డబ్బా, ఇంకో పక్క పాత ల్యాప్‌టాప్. పప్పు ఉడికేలోపు ఆటలో తప్పెక్కడుందో పట్టుకోవాలి, అన్నం దించేలోపు దాన్ని సరిచెయ్యాలి. కీబోర్డు సందుల్లో ఆవాలుండేవంటే నమ్మండి. ఖమ్మంలో ఆ రెండు గదుల కిరాయి ఇంట్లో టేబులు లేక కాదు. ఉంది, ముందు గదిలో. అది మొగుడు చిరంజీవిది. ఆయన కోచింగ్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాడు గనక ఆయన హెల్మెట్టుకి టేబులు కావాలి. "నీకెందుకే టేబులు? వంటింట్ల ఉంటే వంట చూసుకుంట చేసుకోవచ్చు గద" అన్నాడొకసారి, పెద్ద మేలు చేస్తున్నవాడిలా.

ఆ గట్టు మీద ఆమె తయారుచేసింది ఫోన్లో ఆడుకునే ఆట. పేరు 'తునికాకు', అంటే బీడీలు చుట్టే ఆకు. టేకులపల్లి అవతల తండాలో ఉండే దీపిక యాడి పేరు ద్వాలి. యాడి అంటే అమ్మ, లంబాడీ ఇళ్లలో అలాగే పిలుస్తారు. ఆటంతా ఆ యాడి చేసే పనే. ఎండలు ముదరక ముందే తునికి పొదల కొమ్మ కొట్టాలి. కొడితేనే నెలన్నరకి నడుమెత్తు మొక్క కొత్త ఆకు వేస్తుంది. తెల్లారకముందే అడవిలోకి పోయి, చిల్లులేనిదీ మచ్చలేనిదీ, మరీ లేతా మరీ ముదురూ కానిదీ చూసి తుంచాలి. ఇంటికొచ్చి యాభై ఆకులకొక కట్ట కట్టి, పొద్దుగూకేలోపు కల్లానికి చేర్చాలి. అక్కడ ఆకు తీసుకునే కల్లేదారు కట్ట విప్పి చూస్తాడు. చిల్లాకు దొరికితే ముఖాన కొట్టినట్టు విసిరేస్తాడు. ఆటలో ఓడిపోవడమంటే అదే. మధ్యలో ఎలుగుబంటి రావచ్చు, అదను తప్పిన వాన రావచ్చు. తుపాకులు లేవు, కార్లు లేవు. ఆకు తుంచినప్పుడు వచ్చే చప్పుడు కోసం దీపిక ఒక ఎండాకాలం మూడు రోజులు యాడి వెనకాల ఫోన్ పట్టుకుని తిరిగింది.

ఆటలో ఆకు కోసే మనిషి కూడా యాడే. గడ్డం మీద మూడు పచ్చబొట్టు చుక్కలు, ముందు పన్ను ఒకటి లేని నవ్వు, తలకు చుట్టిన తువ్వాల, చీర మీద మొగుడి పాత ఫుల్‌చేతుల చొక్కా. ఆకుకి పోయే ఆడవాళ్లందరూ అలా చొక్కా వేసుకునే పోతారు. ముళ్లు గీరకుండా, చీమలు కుట్టకుండా, ఇంకా, వంగి పనిచేస్తున్నప్పుడు మగవాళ్ల చూపులు ఎక్కడ పడితే అక్కడ పడకుండా. ఆ చొక్కా గీయడానికి దీపికకు పదకొండు రోజులు పట్టింది. మోచేతి దగ్గర చిరుగు, మెడ కింద వేరే రంగు గుండీ, చెమటకి వీపున అంటుకున్న తీరు, అన్నీ వచ్చేదాకా వదల్లేదు.

ఈ మూడేళ్లూ ఇంట్లో ఎవరైనా ఒక మంచి మాట అన్నారా అంటే, రామ రామ! "ఆడోళ్ల కూలిపని ఫోన్ల పెడితే ఎవడాడ్తడే?" అని చిరంజీవి. "కడుపున ఒక కాయ కాయకపాయె, ఫోన్ల మాత్రం మనుషుల్ని పుట్టిస్తంది మా కోడలు" అని అత్త, పక్కింటివాళ్లు వినేట్టు. దీపిక ఇంజనీరింగ్ చదివింది. ఒకసారి చిరంజీవి కాలేజీలోనే కంప్యూటర్ పాఠాలు చెప్పే ఉద్యోగానికి పోతే డైరెక్టరు వెంకటేశ్వరరావు, "మొగుడూ పెళ్లాం ఒకేచోట అంటే బాగుండదమ్మా" అని పంపేశాడు. పంపేసి, మరుసటి వారమే కాలేజీకో యాప్ చేసిపెట్టమని మొగుడితో కబురు పెట్టాడు. మన సారే గదా అని ఊరికే చేసిపెట్టింది. దాన్ని ప్రారంభించిన రోజు స్టేజీ మీద దండలు పడుతుంటే, స్టేజీ వెనకాల కూచుని కాగితం పళ్లేల్లో సమోసాలు సర్దింది. ఛీ, ఇదేం బతుకు అని ఆ రోజే అనుకోవలసింది. అనుకోలేదు. సమోసాలు చాలుతాయో లేదో అని బెంగపడింది.

ఆట పూర్తయ్యాక ప్లేస్టోర్‌లో ఖాతా చిరంజీవి పేరున తెరిచారు. "నీ పేరు చూస్తే ఎవరు నమ్ముతరు?" అన్నాడు. పేరు అతనిది, పని ఆమెది. లోపలికి ఎలా వెళ్లాలో కూడా అతనికి తెలియదు. ఆటని జనంలోకి తీసుకుపోయే పనీ ఆమెదే. అరనిమిషం వీడియోలు చేసి హాస్టల్లో కలిసి చదువుకున్నవాళ్లకీ, వాళ్ల పొదుపు సంఘాల గ్రూపులకీ పంపింది. ఒక్కొక్కరినీ పేరుపేరునా బతిమాలింది. మొదటి నెల నలభై మంది ఆడారు. తర్వాత మణుగూరు నుంచి ఒకామె "మా అమ్మ వేళ్లు యాదికొచ్చినయ్" అని రాసింది. ఇంకెవరో "ఇది ఆట కాదు, పని" అని రాసి ఒక్క నక్షత్రమే ఇచ్చారు. అది చదివి దీపిక కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది, నిజమే గదా మరి. ఆరు నెలలకు ఆడేవాళ్లు పన్నెండు వేలయ్యారు.

పన్నెండు వేలనేసరికి చిరంజీవికి ఆట కనబడింది. ముందు "మన ఆట" అన్నాడు. నెల తిరక్కుండా "నా ప్రాజెక్టు" అయింది. సొమ్మొకడిది సోకొకడిది అంటారే, అదీ వరస. ఒక యూట్యూబ్ ఛానల్ వాళ్లు ఇంటికొస్తే టేబులు మీది హెల్మెట్టు తీసి, ల్యాప్‌టాప్ తెచ్చి పెట్టుకుని, కొత్త చొక్కాలో కూచున్నాడు. "దీపికా, నాలుగు చాయ్!" ఆమె చాయ్ పళ్లెం పట్టుకుని గుమ్మంలోకి వచ్చేసరికి కెమెరా ముందు చేతులు తిప్పుతూ చెప్తున్నాడు: "మా ఆడవాళ్లు ఇంతెత్తు తునికి చెట్లెక్కి, ప్రాణాలకు తెగించి ఆకు కోస్తారండి."

దీపిక అక్కడే నిలబడిపోయింది. తునికాకు కోయడానికి చెట్టెక్కేవాళ్లు ఈ భూమ్మీద ఉన్నారా? మొదలే కొమ్మ కొట్టడంతో మొదలవుతుంది ఆట. అంటే నా ప్రాజెక్టు, నా ప్రాజెక్టు అని ఊరంతా చెప్పుకునే మనిషి దాన్ని ఒక్కసారి, ఒక్క అయిదు నిమిషాలు, తెరిచి ఆడలేదు. తల్లాడ దగ్గర మిరపచేల మధ్య పుట్టి, పదేళ్లకే హాస్టల్‌కి పోయినవాడికి అడవి తెలియకపోవడం తప్పు కాదు. కానీ ఏడేళ్లుగా అత్తగారి తండాకి పోతున్నాడు. కల్లం దాకా రమ్మంటే ఎండ అనేవాడు.

మర్నాడు యాడి ఫోన్ చేసి, తమ భాషలో మాట్లాడుతూ పడీ పడీ నవ్వింది. "అల్లున్ని ఈసారి చెట్టెక్కమను బిడ్డా. కింద నేను దుప్పటి పట్టుకుంట, పడ్డా నడుము ఇరగదు." తండాలో ఆ వీడియో చూడనివాళ్లు లేరట. ఆకు మొదలు పెట్టక ముందే అందరికీ కడుపు నిండా నవ్వు దొరికిందట. నవ్వంతా అయ్యాక అడిగింది, "అది గాదు గానీ, ఆట నువ్వు జేస్తివి, మరి నువ్వెందుకు కనబడలే?"

"చాయ్ పోస్తున్న యాడీ."

"మంచిది" అని పెట్టేసింది యాడి.

ఆ వీడియోకి తండా నవ్వింది గానీ డైరెక్టరు నవ్వలేదు, ముచ్చటపడ్డాడు. చెట్టెక్కే ఆడది అనేసరికి ఆయనకి ఏదో తట్టింది. కాలేజీ హాల్లో ఆదివారం పెద్ద సభ పెడదామన్నాడు, పత్రికలవాళ్లని పిలుద్దామన్నాడు, ఆటకి కాలేజీ పేరు తగిలిద్దామన్నాడు. పోస్టర్ కూడా తనే వేయించాడు. గురువారం పొద్దున దీపిక పులుసులోకి చింతపండు పిసుకుతుంటే చిరంజీవి వచ్చి ఫోన్ ఆమె ముఖం ముందు పెట్టాడు.

"చూడు, ఎంత జబర్దస్త్‌గ వచ్చిందో."

చెట్టుకొమ్మని కాళ్లతో చుట్టుకుని ఒక ఆడది. చొక్కా లేదు. చీరా లేదన్నట్టే. తడిసిన రవిక, బొడ్డు, తొడలు. పైన ఎర్రటి అక్షరాల్లో 'జంగిల్ పోరి'. చేతులకి పగుళ్లు లేవు, మైనంలా ఉన్నాయి. ఊడిన పన్ను మొలిచింది. కానీ గడ్డం మీద మూడు పచ్చబొట్టు చుక్కలు ఎక్కడివక్కడే ఉన్నాయి. కళ్లు అవే. మెడ పైన యాడి, మెడ కింద వాళ్ల ఆకలి.

"ఆటల బొమ్మలన్నీ గిట్లనే మార్చు" అంటున్నాడు. "పొద్దుగూకేలోపు ఎక్కిస్తే ఆదివారానికి స్టోర్ల వస్తదట గద? గా మాసిన అంగి ఎవడు చూస్తడే! సారు ఏమన్నడో తెల్సా? అడవి ఆడోళ్లంటే జనం గిదే చూస్తరు అన్నడు."

దీపిక చింతపండు చేతులు అలాగే గాలిలో పెట్టుకుని నిలబడింది. తునికి చెట్టో పొదో తెలియని మనిషికి ఆకు కోసే మనిషి ముఖం మాత్రం ఏం తెలుస్తుందిలే అనుకుంది. తెలియక చేశాడు. తెలిస్తే సిగ్గుతో చస్తాడు. ఏడేళ్ల కాపురంలో అంత నమ్మకం ఇంకా మిగిలి ఉందామెకు, ఏం చెప్పాలి!

"ఆ మొఖం ఎవరిదో తెల్సా నీకు?"

"తెల్వకేంది? మీ యాడిది." చిరంజీవి గోడకున్న అద్దంలో తల దువ్వుకుంటున్నాడు. "నువ్వు గీసిన రోజే గుర్తుపట్టిన. మంచిగనే కుదిరింది. పన్నొక్కటి పెట్టిచ్చినం."

"తెల్సుండి అంగి తీపిచ్చినవా?"

"బొమ్మనే అది, నిజంగ తీసినమా? అయినా ఎవరు గుర్తుపడ్తరే ఆమెను? తండా దాటొస్తదా, ఖమ్మం స్టేజెక్కుతదా?"

"సారు గట్లన్నప్పుడు నువ్వేమన్నవ్?"

"ఏమంట? నవ్విన."

ముందు గదిలోంచి అత్త అందుకుంది, "బొమ్మకు బట్టల్లేవని పొద్దుగాల్నే పంచాయితా? జల్దీ టిఫినన్న పెట్టు, ఆడు పోవాలె."

అత్త సొమ్ము అల్లుడు దానం అని సామెత. ఆ సామెత కట్టినవాళ్లు కూడా ఇంత దూరం ఊహించి ఉండరు. దీపిక టిఫిన్ పెట్టింది. అతను తిన్నాడు. రెండోసారి చట్నీ అడిగి మరీ తిన్నాడు. వేళ్లు నాకుతుంటే చూస్తూ నిలబడింది. తండాకి పోయినప్పుడల్లా ఉన్న ఒక్క మంచం ఈ మనిషికి వేసి యాడి కింద పడుకునేది. నాటుకోడి కోసి, మంచి ముక్కలన్నీ ఈ కంచంలోనే వేసి, అల్లుడు తిన్నంకనే తినాలని పొయ్యి దగ్గర కూచునేది. ఆ కూర తిన్న వేళ్లే ఇవి. ఆ నవ్వు, డైరెక్టరు ముందు నవ్విన నవ్వు, ఎలా ఉండి ఉంటుందో ఆమెకు బాగా తెలుసు. జీతం పెంచమని అడగబోయే ముందు నవ్వేది అదే. ఈ మనిషి పక్కన ఏడేళ్లు పడుకున్నాను గదా అనుకుంటే ఒంటి మీద జెర్రి పాకినట్టయింది. అతని మీద ఎంత రోతగా ఉందో తన మీద తనకి అంతకన్నా ఎక్కువ రోతగా ఉంది. సమోసాలు సర్దింది తనే. చాయ్ పోసింది తనే. పేరు వద్దంటే సరేనంది తనే. ఒక్కొక్క సరే దగ్గర వీళ్లకి ఒక్కొక్క గుండీ విప్పే ధైర్యం తనే ఇచ్చింది.

అతను బండెక్కి పోయాక చేతులు రెండుసార్లు కడుక్కుంది. ల్యాప్‌టాప్ తీసుకుని ముందు గదిలోకి పోయి టేబులు ముందు కూచుంది. "అక్కడ కూసున్నవేంది?" అంది అత్త. దీపిక ల్యాప్‌టాప్ తెరిచింది.

బొమ్మలు మార్చకుండా ఊరుకుంటే చాలదు. ఖాతా అతని పేరున ఉంది. రేపు ఇంకెవరినో పిలిచి ఆ బొమ్మనే తగిలిస్తారు. పన్నెండు వేల మంది ఫోన్లలో యాడి అలా వేలాడుతుంది. ఆటే లేకపోతే తగిలించడానికి ఏమీ ఉండదు, అసలు ఫైళ్లన్నీ ఈ ల్యాప్‌టాప్‌లో తప్ప ఎక్కడా లేవు. మణుగూరు ఆమె గుర్తొచ్చింది, పాపం రేపు వెతుక్కుంటుందేమో. అయినా ఆటని స్టోర్‌లోంచి తీసేసింది. నిజంగానే తీసెయ్యాలా అని అది ఇంకోసారి అడిగింది. అవునని నొక్కింది. ఏడుస్తాననుకుంది గానీ ఏడుపు రాలేదు. ఆకలేసింది. పోయి రెండు ఇడ్లీలు తెచ్చుకుని అదే టేబులు మీద తింది.

మధ్యాహ్నం చిరంజీవి ఫోన్ చేశాడు. "అయిందా? సారు అడుగుతుండు."

"ఆట తీసేసిన."

"తీసేసుడేంది?"

"స్టోర్ల లేదు. ఎవరికీ దొరకదు. ఆదివారం చూపెట్టెటందుకు ఏం లేదని సారుకు ఇప్పుడే చెప్పు, మళ్ల ఇజ్జత్ పోయిందనకు."

చిరంజీవి ఒక్కసారిగా అరిచాడు. "పిచ్చి లేసిందా నీకు? పన్నెండు వేల మందే! మూడేండ్లు! నీ మూడేండ్ల కష్టాన్ని నీ చేతుల్తోనే బూడిదల పోసుకుంటవా?"

నీ కష్టం. ఏడేళ్లలో అతని నోట ఆ మాట రావడం అదే మొదలు.

"అవ్, నా కష్టమే" అంది దీపిక. "అందుకే తీసేసిన."