బెంచీల పార్టీ

మా ఊళ్ళో మనుషులకన్నా బెంచీలు ఎక్కువ. ఒకదాని మీద కూర్చుంటే కాళ్ళు చాపుకోవడానికి ఎదురుగా ఇంకోటి ఉంటుంది. ఊరిని ఏలే పార్టీకి సిద్ధాంతమే బెంచీలు మరి. దానికి కారణం బెంచీలు తప్ప ఇంకేమీ అడగని మా తాతయ్య, ఆయన తోటి ముసలాళ్ళు. వానొచ్చినా జ్వరమొచ్చినా, పోలింగ్ కేంద్రం తాళం తీసేవాడికన్నా ముందు వాళ్ళే అక్కడుంటారు.

నేనూ మా అక్కా బేకరీలో పని చేస్తాం. రాత్రంతా పిండి పిసికి తెల్లవారుజామున బయటపడతాం. ఆ వేళకి బస్సుండదు. ఇల్లు చేరేసరికి అక్క అరికాళ్ళు బొబ్బలెక్కుతాయి. బస్సు వేయకపోతే పని మానేస్తానని తేల్చి చెప్పేసింది. అక్క మానేస్తే బన్నులు నేను చెయ్యాలి. నేను చేసిన బన్ను ఒకాయన తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకున్నాడు. తలుపు పాడైంది గానీ బన్ను బాగానే ఉంది.

పార్టీ హామీలు రాసేది మా పిన్ని. వెళ్ళి బస్సు సంగతి కదిపాను.

"బస్సడగడానికి మీరెవర్రా? ఎప్పుడైనా ఓటెయ్యడానికొచ్చిన మొహాలేనా?"

"ఆ టైముకి నిద్రపోతుంటాం పిన్నీ."

"అయితే మీకు కావాల్సింది దుప్పట్లు" అంది.

మా ఊళ్ళో ఎన్నికలకి కరువు లేదు. గెలిచిన సభ్యులకి పొద్దుపోకపోతే రాజీనామా చేస్తుంటారు. తర్వాతి ఎన్నికకి బేకరీ అంతా డ్యూటీ దిగి సరాసరి పోలింగ్‌కి వెళ్ళాం. తలుపులు తెరవడానికి ఇంకా టైముందని బయట బెంచీల మీద కూర్చున్నాం. కళ్ళు తెరిచేసరికి సీళ్ళు వేసిన పెట్టెలు లారీ ఎక్కుతున్నాయి. నిద్ర చెడగొట్టకూడదని తాతయ్య ఊరందరినీ మా పక్కన మునివేళ్ళ మీద నడిపించారట. అదంతా చూసిన పార్టీ, బేకరీ వాళ్ళకి బెంచీలంటే ప్రాణమని తేల్చుకుని మా గుమ్మం ముందు ఇంకో వరస వేయించింది.

ఓటు పడేదాకా ఎవరైనా కూర్చుంటే ఊరుకునేది లేదని అక్క కట్టడి చేసింది. ఈసారి నిలబడే వేశాం. ఒళ్ళంతా పిండి. ఫొటోతో మొహం పోల్చుకోవడానికి పోలింగ్ అధికారి తడిగుడ్డ తెప్పించుకున్నాడు. ఏదో సరదాకి వచ్చారు, మళ్ళీ రారులే అనుకుంది పార్టీ. మళ్ళీ వెళ్ళాం. ఎవరు గెలుస్తారో పాలుతాగే పిల్లలకి కూడా తెలిసిపోయిన ఉప ఎన్నికకీ వెళ్ళాం. ఈ ఒక్క ఎన్నికా చూసి పని మానేస్తానని అక్క ప్రతిసారీ అనేది.

ఎవరికి వేశామో పార్టీకి తెలీదు. వచ్చామని మాత్రం తెలుసు, వీధి చివరిదాకా తెల్లటి అడుగులు పడేవి. వాటిని చూసీ చూసీ పిన్నికి అన్నం సయించడం మానేసింది. చివరికి ఒకరోజు బేకరీకే వచ్చింది.

"నిజం చెప్పరా, ఎవరికేస్తున్నారు?"

"అది రహస్యం పిన్నీ. వచ్చేసారి కూడా వస్తాం. అది మాత్రం రహస్యం కాదు."

ఆ వారమే సభ పెట్టారు. తమ పార్టీ పుట్టిందే తెల్లవారుజాము బస్సు కోసమని నాయకుడు కన్నీళ్ళు పెట్టుకున్నాడు. మరి బెంచీల సంగతేమిటని తాతయ్య లేచి అడిగారు. బస్సంటే ఏమిటి పెద్దాయనా, కదిలే బెంచీలేగా, అన్నాడు నాయకుడు. తాతయ్య కాసేపు ఆలోచించి, సిద్ధాంతం చెక్కుచెదరలేదని ఒప్పుకుని కూర్చున్నారు.

బస్సొచ్చింది. అక్క కిటికీ పక్కన కూలబడి చెప్పులు విప్పేసింది.

"మళ్ళీ ఎన్నికలెప్పుడ్రా?"

"బస్సొచ్చేసిందిగా, ఇంకా ఎందుకు?"

"మనం వెళ్ళడం మానేస్తే ఇది రావడం మానేస్తుంది" అంది. ఆ మాట పూర్తయ్యేలోపే గురక మొదలెట్టింది.