ఇవాన్ ఇంకా నడుస్తున్నాడు

రెండు వారాల క్రితం సమాధి చేసిన భర్త కార్ఖానా రోడ్డు మీద నడుస్తున్నాడని దేవకృప చేతిలోని ఫోన్ చెప్పింది.

కళ్లు నులుముకుని మళ్లీ చూసింది. ‘ఇవాన్ నడక మొదలుపెట్టాడు’ అని చర్చి వాళ్ల యాప్ నుంచి వచ్చిన సందేశం అలాగే ఉంది. మ్యాపులో అతని పేరు కింద పచ్చచుక్క కదులుతోంది. నెమ్మదిగా, మనిషి నడిచినట్టే.

ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమకాలం నలభై రోజులూ పొద్దున్నే ఐదు కిలోమీటర్లు నడవాలని వాళ్ల సంఘం పెట్టుకున్న ఛాలెంజ్ అది. నడిచిన ప్రతి కిలోమీటరుకూ ఎవరో ఒక దాత డబ్బు ఇస్తాడు. పల్లెల నుంచి వైద్యానికి వచ్చే క్యాన్సర్ పిల్లలు ఉండటానికి ఆ డబ్బుతో వసతిగృహం కడతారు. అందరికంటే ఎక్కువ దాతలను కూడగట్టినవాడు ఇవాన్. ఒక్క రోజూ తప్పలేదు. అలా నడుస్తూనే ఒకరోజు మారేడ్‌పల్లిలో కుప్పకూలాడు.

ఆస్పత్రిలో ఆ గందరగోళంలో అతని ఫోన్ మాయమైంది. ఎవరో కొట్టేశారనుకున్నారు. పోతే పోయిందని దేవకృప మాత్రం అనుకోలేకపోయింది. “గుండెనొప్పి ముందే మొదలై ఉంటుంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదా?” అని డాక్టర్ అడిగిన మాట ఆమెను తినేస్తోంది. ముందు రాత్రి ఇద్దరూ పోట్లాడుకున్నారు. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. తెల్లవారాక అతను ఎప్పుడు వెళ్లాడో కూడా తెలియదు. ఆ కోపంతోనే తనకు చెప్పలేదా? దారిలో రెండు ముక్కలు టైపు చేసి, పంపకుండా ఆగిపోయాడా? ఆ ఫోన్ దొరికితే తెలుస్తుంది.

దొంగ ఇప్పుడు దాన్ని జేబులో వేసుకుని తిరుగుతున్నాడు!

మామగారు జకర్యా గది తలుపు మూసి ఉంది. కొడుకు పోయినప్పటి నుంచీ ఆయన ఆ గది దాటి రావడమే లేదు. దేవకృప చప్పుడు చేయకుండా బయటికొచ్చి, పక్కింటి మేబెల్ ఆంటీ తలుపు కొట్టింది. ఆంటీకి స్కూటర్ ఉంది. ధైర్యం అంతకంటే ఎక్కువ ఉంది.

“దొంగోడు సుత మన చర్చోళ్లతోని నడుస్తున్నడా?” ఫోన్ చూసి ఆంటీ నోరెళ్లబెట్టింది. “నేను నాలుగు రోజులకే బంద్ పెట్టిన. ఆడు మారుమనసు పొందిండేమో బిడ్డా!”

దేవకృప నవ్వలేదు. ఆంటీ గతుక్కుమని, గబగబా తాళంచెవి తీసింది.

“కూసో. చున్నీ జెర దగ్గరికి పట్టుకో, చక్రంల పడ్తది. పోలీసులకు ఫోన్ కొట్టాల్నా?”

“ముందు ఫోన్ నా చేతికి రానివ్వండి ఆంటీ.”

పాల వ్యాన్లను దాటుకుంటూ స్కూటర్ దూసుకెళ్లింది. చుక్క ఇవాన్ రోజూ వెళ్లే సందుల్లోకే తిరుగుతోంది. అదే మలుపు, అదే వీధి. దారి తెలిసినవాడే ఇతను. మారేడ్‌పల్లి చేరాక చుక్క ఉన్నట్టుండి ఆగిపోయింది. ఎక్కడ ఆగిందో దేవకృప మ్యాపును వేళ్లతో పెద్దది చేసి చూసింది. ఇవాన్ పడిపోయిన చోటు.

“ఆపండి ఆంటీ!”

షట్టర్ వేసిన మందుల షాపు మెట్టు మీద ఒక ముసలాయన కూర్చుని రొప్పుతున్నాడు. పక్కన చేతికర్ర. ఇవాన్ ఫోన్‌ని రెండు చేతులతో గుండెకు అదుముకుని ఉన్నాడు.

జకర్యా!

“ఏందన్నా, గీ మోకాళ్లతోని ఇంత దూరమొచ్చినవా?” మేబెల్ స్కూటర్ దిగబోయి, ఇద్దరి ముఖాలూ చూసి అక్కడే ఆగింది.

దేవకృప మామగారి ముందు మోకాళ్ల మీద కూలబడింది.

“ఫోన్ మీ దగ్గరుందా మావయ్యా? ఇన్ని రోజులూ వెతికాను కదా, చెప్పొచ్చు కదా!”

“నర్సు నాకే ఇచ్చిందమ్మా. వాడు నడవాల్సింది మిగిలిపోయింది కదా... అది నేను నడుద్దామని.”

“నడవండి, వద్దన్నానా? అందులో నాకేమైనా రాశాడేమోనని...”

“చూశాను. ఏమీ లేదు తల్లీ.”

ఆమె తల వాలిపోయింది. “అంటే నా మీద కోపంతోనే పోయాడు. నొప్పి వచ్చినా చెప్పాలనిపించలేదు.”

జకర్యా ఫోన్ ఆమె చేతిలో పెట్టాడు. కళ్లు మాత్రం ఆమె వైపు తిప్పలేదు.

“కాదమ్మా. చెప్పాడు. నాకు చెప్పాడు. పొద్దున లేచి హాల్లోకి వచ్చి, గుండెల్లో పట్టేసినట్టుంది నాన్నా, ఇవాళ మానేస్తానన్నాడు. గ్యాస్‌రా, అల్లం నీళ్లు తాగు, నడిస్తే అదే తగ్గుతుందన్నాను. అంతకుముందు ఆదివారమే సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్పాను, నా కొడుకు ఒక్క రోజూ మానడని. అందరూ స్తోత్రం అన్నారు. ఇప్పుడు మానేస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలన్నాను. కృపను లేపుతా నాన్నా, రాత్రి ఊరికే కసిరానన్నాడు. నేనే వద్దన్నాను. నువ్వు లేస్తే వెళ్లనివ్వవని నాకు తెలుసు. ఫోన్ ఇస్తే ఆ పొద్దున సంగతి అడుగుతావని దాచేశాను. వాడు బూట్లేసుకోవడానికి వంగలేకపోయాడు తల్లీ. నేనే కింద కూర్చుని లేసులు కట్టి పంపాను.”