మూత మీది చుక్క

నాలుగో రోజు పొద్దున కంటి ఆసుపత్రి ల్యాబులో హైమవతి ఇంక్యుబేటర్ తలుపు తీసేసరికి గిన్నెలోని కణాలు ఆమెనే చూస్తున్నాయి. ఆరా తీస్తున్నట్టుంది ఆ చూపు. ఆమె రిజిస్టర్‌లో "ఎదుగుదల బాగుంది, చూస్తోంది" అని రాసి, పోషక ద్రవం మారుస్తుంది.

గిన్నెలో ఉన్నది యాకయ్య కంటి పొర. ఇళ్లకు సున్నాలు వేసే మనిషి. నాలుగేళ్ల కింద డ్రమ్ములో సున్నం ఉడికి చిందితే రెండు కళ్లూ తెల్లబడ్డాయి. కుడికంటి అంచున నువ్వుగింజంత మంచి పొర మిగిలితే డాక్టరు దాన్ని తీసి ల్యాబుకు పంపాడు. పద్నాలుగు రోజుల్లో అది రూపాయి బిళ్లంత కావాలి, అప్పుడు కంటికి కుడతారు. ఇది చిరిగితే మళ్లీ తీయడానికి ఏమీ లేదు.

అందుకే హైమవతి మూత మీద, పేరు పక్కన, మార్కర్‌తో దిష్టి చుక్క పెట్టింది. పసిబిడ్డకు పెట్టేది వీటికెందుకు పెట్టకూడదని ఆమె వాదన. ఇంతకుముందు ఏ గిన్నే పైకి చూడలేదు కాబట్టి ఆ చుక్క చూపుకు అడ్డు రాలేదు.

వార్డులో యాకయ్య రెండు కళ్లకూ కట్టుతోనే పలకరిస్తాడు.

"మేడం, జర మాస్కు పైకి అనుకోన్రి. గిన్నె మీద వంగి ఆవులిస్తే పండ్లన్నీ కనబడుతున్నయ్."

హైమవతి సిగ్గుపడి మాస్కు సర్దుకుంటుంది. యాకయ్య భార్య కొమురమ్మ మాత్రం ఆ మాట వినగానే తెర వెనక్కి పోతుంది.

"గిన్నె ల్యాబులో ఉందమ్మా. ఇక్కడ దాక్కోవడమెందుకు?" అంటుంది హైమవతి.

"అలవాటు చేసుకుంటున్న," అంటుంది కొమురమ్మ గొంతు తగ్గించి. "ఆ సున్నంల నీళ్లు గుమ్మరించింది నేనే. ఆ కండ్లు నన్ను చూడొద్దు."

తొమ్మిదో రోజుకు పొర గిన్నె దాటి వస్తుంది. ఇంక్యుబేటర్ అద్దం ఎక్కి, గది నలుమూలలా వెతుకుతూ, వెతికినకొద్దీ పలచబడుతుంది. ఇంకో జానెడు సాగితే చిరుగుతుంది. హైమవతి వార్డుకు పరుగెత్తుతుంది.

"మిమ్మల్ని చూసేదాకా అది ఆగేట్టు లేదమ్మా."

"తిడితే?"

"కంటికి నోరెక్కడిది?"

కొమురమ్మకు ఆ మాట సబబుగానే తోస్తుంది. టోపీ, గౌను, మాస్కు తొడుక్కుని ల్యాబుకు వచ్చి, అద్దం ముందు నిలబడి, మాస్కు తీస్తుంది.

పొర ఆమెను చూస్తుంది. చాలాసేపు చూస్తుంది. తర్వాత నెమ్మదిగా అద్దం దిగి, గిన్నెలోకి ముడుచుకుని, రూపాయి బిళ్లంత గుండ్రంగా సర్దుకుంటుంది. హైమవతికి ఏడుపొస్తుంది, గ్లవుజులతో తుడుచుకోకూడదు కనుక అలాగే వదిలేస్తుంది.

మూడు గోడల అవతల నుంచి యాకయ్య గొంతు వినబడుతుంది.

"ఇన్నొద్దులు యాడున్నవే? బుగ్గమీద చుక్క గూడ పెట్టుకున్నవ్, పెండ్లినాటి లెక్క!"

కొమురమ్మ బుగ్గ తడుముకుంటుంది. వేలికి మార్కర్ నలుపు అంటుతుంది.

ఆమె బయటికి వస్తుంది. వరండా పొడవునా యాకయ్య కళ్లంత తెల్లగా సున్నం వేసిన గోడలు. ఒక్కో గోడ మధ్యలో ఒక్కో నల్లచుక్క తేలి, రెప్ప లేచి, ఆమె వైపు తిరుగుతుంది. కొమురమ్మ తెర కోసం వెతకదు. కొంగు సర్దుకుని, అన్ని గోడలకూ బాగా కనబడేలా, నట్టనడుమ నుంచి నడుస్తుంది.