బ్యాటరీ మీద గొంగడి పోగు

శనివారం పదకొండు గంటలకు ఫోన్ మోగేసరికి నాగజ్యోతి వంటింట్లో దోసకాయ తరుగుతోంది. కొండలరావు ఫోన్ చెవికి ఆనించుకుని "సార్, అట్లనే సార్" అంటూ వాకిట్లోకీ వంటింట్లోకీ నాలుగుసార్లు తిరిగాడు. ఐదోసారి వచ్చి, ఆమె చేతిలోని ముక్క లాక్కుని నోట్లో వేసుకున్నాడు.

"మనకే ఇచ్చినారు జ్యోతీ!"

ఆమె కత్తిపీట పక్కకు తోసి లేచి నిలబడింది. మార్కాపురంలో డయాలసిస్ సెంటరు నడిపే ట్రస్టు వాళ్ళు, పుల్లలచెరువు వైపు ఊళ్ళ నుంచి ముగ్గురు రోగుల్ని వారానికి రెండుసార్లు తీసుకెళ్ళి తిరిగి దింపడానికి కారు వెతుకుతున్నారు. ఆ పని తన పాత తెల్ల కారుకు రావాలని కొండలరావు నెల రోజులుగా ఎదురుచూస్తున్నాడు.

"ఎప్పటి నుంచి బావా?"

"ఎల్లుండే. సోమారం ఐదున్నరకల్లా మొదటి మనిషి ఇంటి ముందుండాలంట. ఒక్క ట్రిప్పు తప్పినా వేరే బండి చూసుకుంటామని ట్రస్టు శ్యాంసన్ సారు ముందే చెప్పినాడు. తప్పు పట్టేదానికి లేదు. ఒకపూట మిషన్ ఎక్కకపోతే ఆ మనుషులకి ఒళ్ళంతా నీరు పడతాదంట."

పెళ్ళయి డెబ్బై రెండు రోజులు. నాగజ్యోతి ఇంకా రోజులే లెక్కపెడుతోంది, నెలల్లోకి రాలేదు. గిద్దలూరులో ఫిజిక్స్‌తో డిగ్రీ చదివి ఈ అడవి అంచు ఊరికి వచ్చిన ఆమెకు ఇక్కడ ప్రతిదీ పండగే. పొద్దుగూకే వేళ కారు ముందు సీట్లో ఇద్దరూ కూర్చుని, నల్లమల కొండలు నీలంగా మారుతుంటే రెండు పాటలు వినడం అన్నిటికన్నా పెద్ద పండగ.

"పద బావా, రోడ్డు దాకా ఒక రౌండు కొట్టొద్దాం. తీపి కబురు కదా!"

ఇంటి వెనక, గొర్రెల దొడ్డి పక్కన రేకుల కింద ఉంది కారు. కొండలరావు తాళం తిప్పాడు. 'టిక్' మంది. మళ్ళీ తిప్పాడు. ఈసారి ఆ టిక్కు కూడా లేదు.

ఇద్దరి ముఖాల్లో నవ్వు ఒక్కసారే ఆరిపోయింది. కొత్త బ్యాటరీ వేయించి ఇరవై రోజులు కాలేదు. పదిహేను రోజుల్లో ఇది నాలుగోసారి.

"రాత్రి పాటలు ఆపినావా?" అన్నాడు కొండలరావు.

"నీ ముందే కదా ఆపాను."

"ఏమో. నువ్వు కూర్చుని పాటలు వినడం మొదలుపెట్టినాకనే ఇట్ల పడుకుంటా ఉంది."

అతను విసురుగా అన్నది కాదు. అయినా ఆ మాట ఆమెకు ముల్లులా దిగింది. దొడ్డి దగ్గర గొర్రెపిల్లలకు ఆకు వేస్తున్న అత్త ఎల్లమ్మ అందుకుంది. "దాన్నెందుకురా అంటావు? నువ్వు మాత్రం పక్కన కూర్చోలేదా ఏంది, సినిమా హీరో మాదిరి!"

నలుగురు మనుషుల్ని పిలిచి వాలులో తోయించి, బండి స్టార్టు చేసి, ఆపకుండా మార్కాపురం పోయారు. బస్టాండు వెనక నవాజ్ కొట్టు ఉంది. కార్ల కరెంటు పనిలో అతనికి మంచి పేరు.

"రా కొండలన్నా! మళ్ళీ పడుకుందా నీ ఏనుగు?" అంటూ బానెట్ ఎత్తాడు నవాజ్. బ్యాటరీ మైనస్ తీగ ఊడదీసి, తీగకూ బ్యాటరీకీ మధ్య, ఆపి ఉన్న బండి ఎంత కరెంటు లాగుతోందో చూసే మీటరు పెట్టాడు. నాగజ్యోతి వంగి అంకె చూసింది.

"ఇరవై మిల్లీ యాంపులేనా?"

నవాజ్ తలెత్తి చూశాడు. "ఓహో, అక్కకి తెలుసే! అంతే అక్కా. గడియారానికి, తాళానికి ఆమాత్రం పోతాది. ఇట్ల నెల రోజులు నిలబెట్టినా బండి లేస్తాది. కారులో దొంగ లేడు."

"మరి పాటలు?"

"ఆపినాక పాటలు ఏం తాగుతాయి? అన్నా, అక్కని ఏమన్నా అన్నావా ఏంది?"

కొండలరావు కొట్టు పైకప్పు కేసి చూశాడు.

నవాజ్ బ్యాటరీని మూడు గంటలు చార్జింగులో పెట్టాడు. లోడు పెట్టి పరీక్షించాడు. బాగుంది. తీగలు తగిలించే టెర్మినళ్ళు రెండూ గీకి శుభ్రం చేసి, తెల్ల గ్రీజు నున్నగా పూశాడు. "ఒక పని చెయ్యి అక్కా. ఈ రాత్రి మైనస్ తీగ ఊడదీసి పక్కన పెట్టు. అప్పుడు బండికి బ్యాటరీతో సంబంధమే ఉండదు. పొద్దున తగిలించి చూడు. అప్పటికీ పడుకుంటే తప్పు బండిది గాదు."

ఆ సాయంత్రం పాటలు లేవు. నాగజ్యోతే తన చేత్తో నట్టు వదులు చేసి తీగ ఊడదీసి, గుడ్డ చుట్టి పక్కన పెట్టింది. కారు తాళం చెవి ఎప్పటిలాగే తలుపు పక్క మేకుకు తగిలించింది. మామ గురుస్వామి అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. కోడలితో నేరుగా మాట్లాడే అలవాటు ఆయనకు లేదు. ఏది కావాలన్నా ఎల్లమ్మ ద్వారానే.

"బండి బాగైందంటనా?" అని భార్యను అడిగాడు.

"నిండా కరెంటు పట్టించుకొచ్చినారంట," అంది ఎల్లమ్మ.

ఆయన తల ఊపి, గొంగడి భుజాన వేసుకుని దొడ్డి వైపు పోయాడు.

ఆదివారం పొద్దున్నే నాగజ్యోతి తీగ తగిలించి, నట్టు బిగించి, "కొట్టు బావా" అంది.

చప్పుడు లేదు. లోపలి దీపం కూడా వెలగలేదు.

కొండలరావు స్టీరింగ్ మీద తల ఆనించాడు. సరిగ్గా అప్పుడే అతని ఫోన్ మోగింది. రేపు ఎక్కవలసిన ముగ్గురిలో ఒకామె, హలీమాబీ. స్పీకరులో ఆయాసం వినబడుతోంది.

"బిడ్డా, సోమారం వస్తవు కదా? గురువారం బండి దొరకక పోలేదు నేను. కాళ్ళు చూస్తే నాకే భయమైతాంది."

"వస్తా... వస్తానమ్మా," అన్నాడు. ఫోన్ పెట్టేసి కారు దిగాడు. "శ్యాంసన్ సారుకి చెప్పేస్తా జ్యోతీ, వేరే బండి చూసుకోమని. రోజూ తోసేదానికి మనుషులు దొరుకుతారా? రేపు తెల్లారుజామున బండి లేవకపోతే ఆమె గతి ఏంది? మన పని పోతే పోయింది."

అతను చెప్పింది నిజమే. అయినా ఆమె ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టింది. "ఆరింటి దాకా ఆగు బావా. ఆరింటికి కూడా సంగతి తేలకపోతే నేనే ఫోన్ చేసి చెప్తాను."

అతను ఒప్పుకుని ఊళ్ళోకి పోయాడు, ఎవరిదైనా మరో బ్యాటరీ దొరుకుతుందేమో చూడ్డానికి.

నాగజ్యోతి బానెట్ ఎత్తి ఊరికే నిలబడింది. తీగ ఊడదీసి ఉంటే కారు తాగడానికి లేదు. బ్యాటరీ మంచిదని నవాజ్ తేల్చాడు. అయినా రాత్రికి రాత్రి ఖాళీ. అంటే ఎవరో తాగారు. ఆమె ఇంకా దగ్గరికి వంగింది. నిన్న నున్నగా పూసిన తెల్ల గ్రీజు మీద, రెండు వైపులా, చిన్న చిన్న పళ్ళ గాట్లు. ఎలుక కాదు. ఎలుక పళ్ళు ఇంత వరుసగా ఉండవు. క్లిప్పు పళ్ళు.

ప్లస్ వైపు గ్రీజులో ఒక నల్లటి పోగు అతుక్కుని ఉంది. వేలితో తీసి ఎండలో పెట్టి చూసింది. గరుకుగా, మెలికలు తిరిగి ఉంది. గొంగడి పోగు.

ఈ ఇంట్లో గొంగడి కప్పుకునేది ఒక్కరే.

ఆమె చుట్టూ చూసింది. ఎల్లమ్మ బావి కాడికి పోయింది. మామ మందతో కొండ వైపు పోయి చాలాసేపైంది. నాగజ్యోతి దొడ్డిలోకి నడిచింది. గొర్రెపిల్లల్ని మూసిపెట్టే పెద్ద గంప ఎత్తింది. గడ్డి కింద ట్రాక్టరు హెడ్‌లైటు ఒకటి, పది బారల తీగ, తీగ చివర రెండు క్లిప్పులు. క్లిప్పుల పళ్ళ సందుల్లో తెల్ల గ్రీజు.

సంగతి తేలినందుకు సంతోషించాలి. ఆమెకు మాత్రం పాత గొడవ గుర్తొచ్చింది. పెళ్ళికి ముందు, కారు కొన్న కొత్తలో గురుస్వామి జబ్బు చేసిన గొర్రెపిల్లను వెనక సీట్లో పడుకోబెట్టాడట. "నా బండి మీద చెయ్యెయ్యొద్దు నాయనా" అని కొండలరావు అందరి ముందూ అరిచాడట. తండ్రీకొడుకులు ఇప్పటికీ మనసు విప్పి మాట్లాడుకోవడం లేదు. ఇప్పుడు ఈ లైటు చూపిస్తే? చూపించకపోతే ఈ రాత్రి కూడా బ్యాటరీ ఖాళీ. రేపు హలీమాబీ గడప దగ్గర కూర్చుని ఎదురుచూస్తుంది.

ఆమె గంప మళ్ళీ యథాతథంగా మూసింది.

ఐదున్నరకు కొండలరావు ఉత్త చేతులతో వచ్చాడు. ఆరుకు పది నిమిషాలుండగా ఫోన్ తీశాడు. మంద ఇంకా రాలేదు.

"ఇంకో పది నిమిషాలు," అంది ఆమె, దారి వైపు చూస్తూ.

"దేనికి జ్యోతీ? ఎవరొస్తారని?"

అంతలో దుమ్ము లేచింది. గంటల చప్పుడు దగ్గరైంది. గొర్రెలు దొడ్డిలోకి తోసుకుంటూ వచ్చాయి. వాటి వెనక గురుస్వామి. నాగజ్యోతి కొంగు సర్దుకుని ఎదురుగా వెళ్ళి నిలబడింది. ఈ ఇంటికి వచ్చినాక ఆయన ఎదుట అలా నిలబడడం అదే మొదటిసారి.

"మామా, మంద కాడ లైటు ఎందుకు పెడుతున్నావు?"

ఎల్లమ్మ చేతిలో చేట అలాగే ఆగిపోయింది. కొండలరావు నంబరు నొక్కబోతున్న వేలు ఆగింది. గురుస్వామి కోడలిని చూడలేదు. భార్యను చూశాడు.

"ఆ పిల్లకి ఎవరు చెప్పినారు?"

"నీ గొంగడే చెప్పింది," అని నాగజ్యోతి అరచెయ్యి చాపింది. నల్ల పోగు.

ఆయన కర్రకు ఆనుకున్నాడు. "చిరుత తిరుగుతాంది. పోయిన పున్నమికే వాగు కాడ అడుగులు చూసినా. వెన్నెల రోజుల్లో కనిపెట్టుకోవచ్చు. చీకటి రోజులు వచ్చినాక నా కండ్లకి ఆనదు. లైటు కొండ వైపు పెడితే రాదు."

"ఇంట్లో కరెంటు తీసుకోవచ్చు కదా నాయనా!" కొండలరావు గొంతు లేచింది.

"పోయినేడు ఆ తీగ తగిలే గదరా రెండు మేకలు చచ్చినాయి? ఈ బ్యాటరీది చురుక్కుమనదు."

"మాకు ఒక్క మాట చెప్పలేదేంది?"

"చెయ్యెయ్యొద్దన్నావు," అన్నాడు గురుస్వామి. తర్వాత గొంతు తగ్గించాడు. "చిరుత అంటే కొత్త పిల్ల భయపడి గిద్దలూరు పోతానంటాదేమోనని... అయినా నేను తీసుకునింది కొంచెమే. మన బోరు పొద్దుగూకే లోపల ఎండిపోయి తెల్లారేసరికి ఊరదా? అట్ల ఇది కూడా ఊరుతాదనుకున్నా. నిన్న నిండా పట్టించుకొచ్చినారంటే, నిండుదాంట్లో కొంచెం పోతే ఏమైతదిలే అనుకున్నా. మీరు పాటలు పెట్టుకుని ఖర్చు చేస్తున్నారని నా మనసులో ఉండె."

ముందు ఎల్లమ్మకు నవ్వొచ్చింది. నవ్వుతూనే చేటతో మొగుడి భుజం మీద ఒకటి వేసింది. నాగజ్యోతి పెదవి కరుచుకుంది గానీ ఆగలేదు. కొండలరావు మాత్రం నవ్వలేదు. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "అడుగులు... ఇంటికి ఎంత దూరంలో ఉన్నాయి?"

"దొడ్డికి ఆ పక్క కంచె కాడ. మొన్న."

అందరూ కంచె వైపు చూశారు. పొద్దు దిగిపోతోంది.

"మామా, ఇది నిలబడితే ఊరదు," అంది నాగజ్యోతి నెమ్మదిగా. "బండి నడిస్తేనే ఊరుతుంది. నడవకపోతే తీసుకున్నంతా పోయినట్టే. రేపు ఒకామె కాళ్ళు వాచి ఎదురుచూస్తూ ఉంటుంది."

గురుస్వామి ఆ మాటకు గొంగడి తీసి కంచె మీద వేశాడు. కారు వెనక్కి పోయి రెండు చేతులూ ఆనించాడు. "ఏందిరా చూస్తావు? కూర్చో. తోస్తా."

"నీకెందుకు నాయనా, మనుషుల్ని పిలుస్తా."

"నా తప్పుకి మనుషులెందుకు?"

ఎల్లమ్మ ఒక పక్క, నాగజ్యోతి ఒక పక్క చేరారు. వాలులో రెండోసారి కుదుపుకు ఇంజను అందుకుంది. పొగ కమ్మింది. కొండలరావు కిటికీలోంచి తల బయటపెట్టి, "గంటన్నర రోడ్డు మీద తిప్పుకొస్తా. వచ్చినాక తీగ ఊడదీద్దాం," అని అరిచాడు.

గురుస్వామి ఆయాసం తీర్చుకుంటూ నిలబడ్డాడు. ఎల్లమ్మ వైపు తిరగబోయి, ఆగి, కోడలి వైపే తిరిగాడు.

"అమ్మాయ్, ఇట్ల చేద్దాం. ఈ రాత్రికి గొర్రెల్ని వాకిట్లోకి తోలి గేటు మూసేస్తా. నేనూ మీ అత్తా అరుగు మీద పడుకుంటాం. వాడు రేపు నాలుగున్నరకి బయల్దేరతాడు. నువ్వు కూడా ముందు సీట్లో పో. ఆ ముగ్గురినీ సెంటరు కాడ దింపినాక, నవాజ్ కాడికి పోయి దొడ్డికని వేరే బ్యాటరీ ఒకటి నువ్వే చూసి తీసుకురా. రేపు పొద్దుగూకేలోపల అది ఖాళీ అయితే ఎట్ల ఊరించాలో నాకు చూపియ్యి."

రెండడుగులు వేసి మళ్ళీ ఆగాడు.

"పోయేటప్పుడు పాటలు పెట్టుకోండి. నడిస్తే ఊరుతాదన్నావు గదా."