రెండో తొట్టి

నేను మూడడుగుల గాజు తొట్టిని. ఏలూరులో కరీముల్లా అనే పనివాడు అయిదు అద్దాలను జిగురుతో అతికించి నన్ను నిలబెట్టాడు. మొదట ఒక పళ్ల డాక్టరు గారి దగ్గర ఉన్నాను. పన్ను పీకించుకోవడానికి వచ్చినవాళ్లు నాలోని బంగారు చేపలను చూసి, "ఎంత హాయిగా ఉన్నాయో!" అని నిట్టూర్చేవారు. నాలాంటి ఇరుకు లోకాన్ని చూసి అసూయపడడానికి మనిషికి ఒక్క పంటినొప్పి చాలు.

డాక్టరు గారు ఊరు మారాక ఒక మత్స్య కళాశాల వారు నన్ను కొన్నారు. అక్కడ పెద్దింట్లు అనే పరిశోధక విద్యార్థిని నన్ను మరో రెండు తొట్ల మధ్య పెట్టింది. ఆమెది కొల్లేటి ఒడ్డు. తండ్రి సైదులుకు చిన్న చేపల చెరువు ఉంది. పక్క వరిచేలలోంచి పురుగుమందు నీళ్లు దిగిన ఏడాది మొదలు అందులో చేపలు ఎదగడం మానేశాయి. "సైదులు మేత సరిగ్గా వెయ్యడు" అంది ఊరు. అంతమంది అంటూ ఉంటే చివరికి ఆయనా నమ్మేశాడు.

పెద్దింట్లు మూడు తొట్లలోనూ శీలావతి చేపపిల్లలను వదిలింది. మొదటిదానిలో మంచినీళ్లు. నాలోనూ మూడోదానిలోనూ చేప చావనంత, కానీ ఎదగనివ్వనంత పురుగుమందు. మూడోదాని మేతలో మాత్రం విరుగుడుగా తిప్పతీగ రసం కలిపింది. పొద్దుటి ఎండ మా ముగ్గురిలోంచీ దూరి గోడ మీద ఒకే వెలుగై ఊగేది. విషం ఏ వెలుగులో ఉందో ఎవరూ చెప్పలేరు.

నెల తిరిగేసరికి నాలోని చేపలు నిద్రలో నడిచినట్టు ఈదసాగాయి. అటెండరు దావీదు ఉండబట్టలేకపోయాడు.

"దీంట్లోనూ కాస్త రసం ఎయ్యకూడదా అమ్మా? పాపం గదా!"

"వేస్తే, పనిచేసింది ఆ రసమేనని ఎలా తెలుస్తుంది బాబాయ్?" అంది పెద్దింట్లు. ఆ సాయంత్రం మాత్రం నా వైపు చూడకుండానే మేత చల్లి వెళ్లిపోయింది.

అరవయ్యో రోజున తూకాలు తేలాయి. మూడోదానిలోవి మొదటివాటిని పూర్తిగా అందుకోలేదు గాని, బాగా దగ్గరికొచ్చాయి. నాలోవి అందులో సగమైనా లేవు. మర్నాడు ఆమె తండ్రిని వెంటబెట్టుకొచ్చి, సంబరంగా మూడో తొట్టి చూపించబోయింది. ఆయన నా ముందే ఆగిపోయాడు.

"ఇయ్యి మన చెరువులోయే గదమ్మా?"

"కాదు నాన్నా. అలాంటివే."

"మేత తక్కువేశావా?"

"మూడింటికీ ఒకే లెక్కన వేశాను. పలుకు కూడా తగ్గలేదు."

సైదులు నా అద్దం మీద అరచెయ్యి ఆనించాడు.

"అయితే నేను సరిగ్గానే ఏశాను," అన్నాడు. కూతురితో కాదు, ఆ చేపలతో.

పెద్దింట్లు పక్క డబ్బాలోంచి తిప్పతీగ మేత తీసి ఆయన చేతిలో పోసింది. "వెయ్యి నాన్నా. ఇప్పుడు వీటికీ వెయ్యొచ్చు."

ఆకుపచ్చ నలుసులు నాలోకి మెల్లగా, కలలోలా దిగాయి. ఇప్పుడు నేను అడుగు అద్దం చీలి సామాన్ల గదిలో ఖాళీగా పడి ఉన్నాను. అయినా ఆ మేత కోసం పైకి లేచిన చిన్ని నోళ్లు నాకింకా గుర్తే.